మీ పిల్లల్ని వైద్య పరిశోధనలో చేర్చమని అడిగితే ఏం చేయాలి?

సంతకం అక్కడికక్కడే పెట్టకండి. సమాచార పత్రం తెలుగులో అడిగి తీసుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా చదవండి. తొందరపెడుతున్నారంటే అదే మొదటి అనుమానం.

1. ‘మేం వద్దంటే ఇప్పుడు జరుగుతున్న వైద్యం ఆగుతుందా?’ అని నేరుగా అడగండి. ఆగకూడదు. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందో లేదో, ఆ కమిటీ ఫోన్ నంబరేమిటో రాసుకోండి. క్లినికల్ ట్రయల్ (మందునో, చికిత్సనో మనుషుల మీద పరీక్షించడం) అయితే సీటీఆర్‌ఐ, అంటే దేశంలోని ట్రయల్స్‌ను నమోదుచేసే రిజిస్ట్రీ, ఇచ్చిన నంబరు ఉండాలి. దాన్ని వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు.

2. రక్తం ఎన్నిసార్లు, ఎంత తీస్తారో లెక్క అడగండి. 10 కిలోల బిడ్డ ఒంట్లో ఉండేది సుమారు 800 మిల్లీలీటర్లు. పరిశోధన కోసం తీసేది ఒకసారికి 1 శాతం, నాలుగు వారాల్లో మొత్తం 3 శాతం మించకూడదని ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి. అంటే 8, 24 మిల్లీలీటర్లు. అప్పటికే రక్తం తక్కువున్న పిల్లలకు ఇది కూడా ఎక్కువే కావచ్చు.

3. సంతకం తల్లిదండ్రులదో, చట్టబద్ధ సంరక్షకులదో అయివుండాలి. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తల్లిదండ్రులు దూరాన ఉన్నారన్నది సాకు కానే కాదు. ప్రమాదం ఎక్కువై, బిడ్డకు నేరుగా మేలు లేని పరిశోధనకు అమ్మానాన్నలిద్దరి సమ్మతీ అడగవచ్చని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు అంటాయి. వేలిముద్ర వేసేవారైతే, పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండాలి.

4. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది బిడ్డను అడిగే దగ్గరే. 7 నుంచి 11 ఏళ్ల పిల్లల ఒప్పుకోలు నోటిమాటగా, 12 దాటితే రాతపూర్వకంగా తీసుకోవాలి. ‘డాక్టరుగారు చెబుతున్నారుగా, ఊఁ అను’ అంటే అది ఒప్పుకోలు కాదు. ‘చేతికి మూడుసార్లు సూది గుచ్చుతారు. కాస్త నొప్పేస్తుంది. ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. వద్దంటే ఎవరూ తిట్టరు’ అని చెప్పి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించండి. మౌనాన్ని, తలవంచుకోవడాన్ని సరే అన్నట్టు తీసుకోకండి. బిడ్డ వద్దంటే ఆపాల్సిందే. ప్రాణం నిలపగల చికిత్స అయివుండి, అది ఆ పరిశోధనలో తప్ప బయట మరెక్కడా దొరకని పరిస్థితుల్లో మాత్రం, తల్లిదండ్రులు సమ్మతిస్తే ఎథిక్స్ కమిటీ మినహాయింపు ఇవ్వగలదు.

5. ప్రయాణ ఖర్చులు ఇవ్వడం న్యాయమే. ఆశపెట్టేంత డబ్బు ఇస్తామంటే కమిటీకి ఫోన్ చేయండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారో పత్రంలో ఉందేమో చూసుకోండి.

సంతకం చేసిన పత్రం నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. పరిశోధన సాగుతుండగా బిడ్డకు 18 నిండితే, అప్పుడు సమ్మతి వాళ్ల దగ్గరే మళ్లీ కొత్తగా తీసుకోవాలి.