నీళ్లు పోస్తే తగ్గుతాయా?

1/2 + 1/3 ఎంతంటే మా ఆరో తరగతి పిల్లలు 2/5 అనేవారు. కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండు హారాలూ మిగులు లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) ఎన్నిసార్లు చెప్పినా అంతే. మొదట రాజుగారి కథ అల్లాను. పిల్లలకు రాజు గుర్తున్నాడు, భిన్నాలు మాత్రం గుర్తులేవు. కథలో చిక్కుముడే లెక్క కావాలని అప్పుడు అర్థమైంది.

ఈసారి ఎడారిలో ఒక బాటసారి. కడవలో సగం నీళ్లున్నాయి. తోటివాడు దయతలచి మరో మూడోవంతు పోశాడు. “మీ లెక్కన ఇప్పుడు 2/5 కడవ. అది సగం కన్నా తక్కువ కదా!” అన్నాను. తరగతి నిశ్శబ్దమైపోయింది. “పోస్తే ఎలా తగ్గుతాయి?” అని ఒక పాప లేచి అడిగింది. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూసింది!

సగాన్నీ మూడోవంతునూ మిగులు లేకుండా కొలిచే చెంబు ఏదని వెతికారు. ఆరు చెంబులతో కడవ నిండాలని వాళ్లే తేల్చారు. మూడు చెంబులు, రెండు చెంబులు: 5/6. కసాగు అన్న మాట ఆ తర్వాతే బోర్డు మీద రాశాను.