ఫుట్‌బాల్ మ్యాప్‌కి పెన్సిలే వాడండి
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎవరు ఎవర్ని ఓడించారో గుర్తుండట్లేదా? కౌంటీల (అక్కడి జిల్లాల్లాంటివి) మ్యాప్ ప్రింట్ తీసి, ప్రతి కౌంటీనీ దగ్గర్లోని జట్టుకి ఇచ్చేయండి. ఓడిన జట్టు చేతిలో ఆ రోజుకి ఉన్న నేలంతా, అంతకుముందు గెలుచుకున్నదీ కలిపి, గెలిచినవాళ్లది. మూడు వేలకు పైగా కౌంటీలకి రంగులేస్తూ కూర్చోకండి, మొదటి వారం హద్దులు పెన్నుతో గీసి లోపల జట్టు పేరు పెన్సిల్‌తో రాస్తే చాలు, చేతులు మారినప్పుడల్లా చెరిపేయొచ్చు. 2024లో ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ జట్టు టెక్సస్ ఏ అండ్ ఎంని ఓడించిన సరిగ్గా వారానికి నార్తర్న్ ఇల్లినాయ్ 16-14తో నోటర్ డేమ్‌ని కొట్టింది, ఇండియానాలోనూ టెక్సస్‌లోనూ ఒక్క రోజులో నేల! రెండు వారాలకి అదంతా బఫలో జట్టు పాలైంది. నేల పోయిన జట్టు పేరు మాత్రం కొట్టేయకండి, నేల ఉన్న జట్టుపై ఒక్క గెలుపుతో మళ్లీ మ్యాప్ మీదకి వస్తుంది.