బెన్నర్లీ ఇనుప వంతెన మీదికి చలికాలంలో వెళ్తున్నారా?

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గరి ఇల్కెస్టన్ స్టేషన్లో దిగి ఎరెవాష్ ఏటి లోయలో నడుస్తుంటే చెట్లు, గట్లు గాలిని ఆపుతాయి. కాస్త చెమట పట్టి జాకెట్ విప్పేయాలనిపిస్తుంది. విప్పకండి. బెన్నర్లీ వయాడక్ట్ (లోయ మీద కట్టిన పాత రైలు వంతెన) మీద పరిస్థితి వేరు. దాదాపు 60 అడుగుల ఎత్తున, 1,450 అడుగుల పొడవునా గాలికి అడ్డేమీ ఉండదు.

ఈ లోయ కింద బొగ్గు గనులు ఉండేవి, నేల కుంగే ప్రమాదం ఉండేది. ఇటుక వంతెన కడితే ఆ బరువుకు నేల ఆగదని 1877లో చేత ఇనుముతో, జాలీ అల్లినట్టు తేలిగ్గా కట్టారు. ఆ జాలీలోంచి గాలి దూసుకుపోతుంది కాబట్టి వంతెనకు ఇబ్బంది లేదు, నడిచేవాళ్లకే. 1968లో దీని మీద రైళ్లు ఆగిపోయాక యాభై ఏళ్లకు పైగా మూతపడి, బాగుచేశాక 2022 జనవరిలో నడకకు తెరిచారు. నాటింగ్‌హామ్, డర్బీల్లో ఉండే మనవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు.

కిందటి డిసెంబరులో మా అత్తయ్యను తీసుకెళ్లాను. మంకీ క్యాప్ ఇస్తే "ఎండ ఉందిగా" అని బ్యాగులో పెట్టేసింది. సరిగ్గా సగం దూరంలో రెండు చేతులతో చెవులు మూసుకుని ఆగిపోయింది, కళ్లలో నీళ్లు. ముందుకెళ్లినా వెనక్కొచ్చినా అంతే దూరం! అందుకే టోపీ, గ్లౌజులు వంతెన ఎక్కకముందే వేయించండి. శాలువా కప్పితే చాలదు, ఎగిరిపోతుంది. గాలి ఆగే జాకెట్టే కావాలి. చీర కట్టుకున్నవాళ్లు లోపల థర్మల్స్ వేసుకుని, కొంగు జాకెట్ లోపలికి దోపుకోవాలి. ఈదురుగాలుల హెచ్చరిక ఉన్న రోజైతే ప్రయాణం మానుకోండి, వంతెన ఎక్కడికీ పోదు.

ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లను మధ్యలో నడిపించండి, కిందికి కాకుండా ఎదురుగా అవతలి చివర చూడమనండి. మోకాళ్ల నొప్పులున్నా, పిల్లల బండి ఉన్నా మెట్లవైపు కాకుండా ర్యాంప్ వైపు నుంచి ఎక్కండి.

మంచు పడ్డ ఉదయాల్లో తొందరపడొద్దు. వంతెనకు పైనా కిందా చల్లగాలే కాబట్టి నేల మీదకంటే ముందే అక్కడ మంచు పేరుకుంటుంది. పదకొండు దాటాక బయల్దేరడం మేలు. కానీ డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గూకుతుంది, తిరుగు నడకకు అరగంటైనా వేసుకోండి, టార్చి ఉంచుకోండి. వానలు పడ్డ వారంలో లోయ దారి బురదే. చెప్పులూ షూలూ కాదు, పట్టున్న బూట్లు వేసుకోవాలి.

ఇది మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి: వంతెన కింద ఏరే కాదు, ఇప్పటికీ రైళ్లు తిరిగే మార్గం కూడా ఉంది. రాయి, సీసా, చివరికి నారింజ తొక్క కూడా విసరకూడదు. కటకటాల మీదికి చేయి చాపి సెల్ఫీలు తీయకూడదు, చల్లబడి మొద్దుబారిన వేళ్లలోంచి ఫోన్ ఇట్టే జారిపోతుంది. ఆ ఫోన్‌తోనే కదా అవసరమైతే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి కొట్టాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, లోపలి జేబులో ఉంచండి.

పులిహోర, ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి. వంతెన మీద మాత్రం మూత తీయకండి. దిగాక, చెట్ల చాటున తాగితేనే వేడి తెలుస్తుంది.