పల్లెటూరి పబ్‌లో ఆకలితో కూర్చోకుండా

ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌లో టేబుల్ దగ్గర కూర్చుని ఎవరైనా వస్తారని చూస్తే చాలాచోట్ల ఎవరూ రారు. కాట్స్‌వోల్డ్స్ అనే కొండప్రాంతంలో ఒకచోట మేం ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నాం. లేచి వెళ్లి అడిగితే, వంట రెండున్నరకే ఆపేశామన్నారు. పిల్లలకి క్రిస్ప్స్ ప్యాకెట్లే గతయ్యాయి.

ఇప్పుడు బయల్దేరే ముందే ఫోన్ చేసి, భోజనం ఆర్డర్ ఎన్నింటిదాకా తీసుకుంటారో అడుగుతున్నాం. పబ్ ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందని కాదు, రెండూ వేరు. చాలాచోట్ల మధ్యాహ్నం 12 నుంచి 2:30, మళ్లీ సాయంత్రం 6 తర్వాతే వంట. లోపలికి వెళ్లాక ఖాళీ టేబుల్ చూసుకుని, దాని నంబర్ గుర్తుపెట్టుకుని (మాకు చిన్న చెక్కముక్క మీద రాసి కనిపించింది), బార్ దగ్గరే ఆర్డర్ చెప్పి డబ్బు కట్టేయాలి. అక్కడి ఏల్ (ఒక రకం బీరు) ఎప్పుడూ తాగకపోతే హాఫ్, అంటే అర పింట్ అడగండి, 284 మి.లీ. వస్తుంది. మన బీరంత చల్లగా ఉండదు, ముందే చెబుతున్నా.

ఆదివారం మాత్రం టైమ్ కనుక్కుంటే సరిపోదు. రోస్ట్ (ఓవెన్‌లో కాల్చిన మాంసంతో ఆదివారం భోజనం) కోసం ఊరంతా అక్కడే ఉంటుంది, టేబుల్ బుక్ చేసుకోవాలి. కొన్నిచోట్ల సోమవారం పొయ్యే వెలిగించరు.