ఐడియల్ ఆప్‌ఆంప్‌ని నమ్మి మోసపోకుండా మైక్ ఆంప్లిఫయర్ కట్టడం ఎలా?

నేను మొదటిసారి కట్టిన మైక్ ఆంప్లిఫయర్ సిమ్యులేషన్‌లో భేషుగ్గా పనిచేసింది. బ్రెడ్‌బోర్డ్ మీదకు వచ్చేసరికి ‘స’, ‘శ’ మొద్దుబారిపోయాయి, మెల్లగా మాట్లాడితే గరగర. డిజైన్‌లో పెద్ద తప్పేం లేదు. ఆప్‌ఆంప్ అంటే చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసే చిప్. నేను సిమ్యులేటర్‌లో పెట్టింది ఐడియల్ ఆప్‌ఆంప్, అంటే ఎంత గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలో ఆ లెక్క) అడిగినా, ఎంత వేగం అడిగినా కాదనని చిప్, బోర్డు మీద గుచ్చింది మాత్రం ఎల్‌ఎం358 అనే నిజం ఆప్‌ఆంప్.

అయినా ఐడియల్ మోడల్‌తోనే మొదలుపెట్టండి, తప్పులేదు. ఆలోచన అసలు పనిచేస్తుందో లేదో అది రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. ఆ తర్వాత సిమ్యులేటర్ పక్కనపెట్టి, డేటాషీట్ (చిప్ గురించి తయారీదారు ఇచ్చే వివరాల పత్రం), కాగితం, పెన్ను తీసుకోండి.

ముందు బ్యాండ్‌విడ్త్, అంటే ఎంత ఫ్రీక్వెన్సీ దాకా చిప్ సరిగ్గా పెంచగలదో. 358కి గెయిన్‌ను బ్యాండ్‌విడ్త్‌తో గుణిస్తే వచ్చేది 0.7 నుంచి 1 మెగాహెర్ట్జ్. మీకు 100 రెట్లు కావాలంటే మిగిలేది 7 నుంచి 10 కిలోహెర్ట్జ్ మాత్రమే, నా ‘స’ పోయింది ఇక్కడే. అదే 10 రెట్ల స్టేజీలు రెండు పెడితే ఒక్కోదానికి 70 కిలోహెర్ట్జ్ పైనే వస్తుంది, 358 లోపల ఎలాగూ రెండు ఆప్‌ఆంప్‌లు ఉంటాయి కాబట్టి అదనంగా చిప్ కొనక్కర్లేదు.

తర్వాత ఔట్‌పుట్ ఎంతవరకు ఊగగలదో చూడండి. 9 వోల్టుల బ్యాటరీ పెడితే ఇది పైకి దాదాపు 7.5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. అందరూ అలవాటుగా పెట్టే 4.5 వోల్టుల బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్ నిలబడే వోల్టేజ్) బదులు 3.75 దగ్గర పెడితే పైకీ కిందకీ సమానంగా చోటు దొరుకుతుంది.

స్లూ రేట్ (ఔట్‌పుట్ వోల్టేజ్ ఎంత వేగంగా మారగలదో) కూడా లెక్కేయాలి: 6.28ని ఫ్రీక్వెన్సీతో, పీక్ వోల్టేజ్‌తో గుణించండి. 20 కిలోహెర్ట్జ్, 3 వోల్టుల పీక్‌కి మైక్రోసెకనుకు 0.38 వోల్టులు కావాలి, 358 ఇచ్చేది 0.3 దగ్గర, కాబట్టి గుండ్రటి సైన్ వేవ్ త్రిభుజంలా మారడం మొదలవుతుంది. మాటలకైతే పర్లేదు, ఎందుకంటే గొంతులో అంత పైన అంత పెద్ద సిగ్నల్ ఉండదు. సంగీతం, కొలత పరికరాలు అయితే టీఎల్072 లాంటిది చూడండి, మైక్రోసెకనుకు 13 వోల్టులు (దాని ఇన్‌పుట్ సప్లై కింది అంచు దాకా, ఔట్‌పుట్ రెండు అంచుల దాకా వెళ్లవు, అది గుర్తుంచుకోండి).

ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌లో ఏమీ లేకపోయినా చిప్ తనంతట తాను కలిపే చిన్న డీసీ వోల్టేజ్) దగ్గర డేటాషీట్‌లో ‘టిపికల్’ కాలమ్ చూసి మురిసిపోకండి, ‘మాక్సిమమ్’ చూడండి. సాదా 358కి 7 మిల్లీవోల్టులు. 100తో గుణిస్తే 0.7 వోల్టులు, మనం కష్టపడి సంపాదించిన చోటులో అది ఊరికే పోతుంది! ఫీడ్‌బ్యాక్‌లో గ్రౌండ్ వైపు వెళ్లే 1 కిలో ఓమ్ రెసిస్టర్‌కి సిరీస్‌లో 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, డీసీకి గెయిన్ 1కి పడిపోతుంది, 16 హెర్ట్జ్ పైన మామూలే.

ఇక ఆ గరగర. అది క్రాస్ఓవర్ డిస్టార్షన్, 358 ఔట్‌పుట్ కరెంటు ఇవ్వడం నుంచి లాక్కోవడానికి మారేటప్పుడు తడబడుతుంది. ఐడియల్ మోడల్‌లో ఇది కనపడే ప్రశ్నే లేదు, తయారీదారు ఇచ్చే మోడళ్లలో కూడా కొన్నింట్లో ఉండదు. ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి ఒక రెసిస్టర్ వేస్తే చాలావరకు పోతుంది. నాకు 4.7 కిలో ఓమ్‌లు సరిపోయింది.

రెసిస్టర్ల ఇండక్టెన్స్, వైర్ల కెపాసిటెన్స్ లాంటివి ఈ ఫ్రీక్వెన్సీలో వదిలేయండి. బ్యాటరీని మాత్రం వదలకండి: సిమ్యులేటర్‌లో దానికి లోపలి రెసిస్టెన్స్ సున్నా, నిజంగా కొన్ని ఓమ్‌లు ఉంటుంది, వాడేకొద్దీ పెరుగుతుంది. అందుకే చిప్ కాళ్ల పక్కనే 100 నానోఫారడ్ సిరామిక్ ఒకటి పెట్టాక బోర్డుకి పవర్ ఇవ్వండి.