ఇంగ్లండ్ వెళ్లే మన వైజాగ్ పిల్లలకి: శనివారం వస్తానంటే వెళ్లండి

కుక్కర్ ఏ సైజు పెట్టుకోవాలి, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, ఇవన్నీ చెప్పడానికి మీకు పదిమంది ఉన్నారు. నేను వేరే సంగతి చెప్పాలి.

మా పిన్ని కొడుకు గాజువాక కుర్రాడు. నిరుడు సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కని ఇంగ్లండ్ వెళ్లాడు. మొన్న రాత్రి దిగాలుగా ఫోన్ చేశాడు. ఇంటర్వ్యూలో "మీకు ఏ అధికారమూ లేని చోట నలుగురిని కూడగట్టి పని నడిపించిన సందర్భం చెప్పండి" అని అడిగారట. వీడు "నేను ఫ్రెషర్‌ని, అలాంటి అనుభవం లేదు" అనేశాడట.

నాకు నిజంగా బాధేసింది. నాలుగేళ్లు వాళ్ల వీధి వినాయక చవితి పందిరి నడిపింది వాడే. చందా పుస్తకం వాడి చేతిలోనే ఉండేది. ఎవరు ఎంత రాశారు, ఎంత ఇచ్చారు, మైకువాడికి అడ్వాన్స్ ఎంత, రాత్రి కాపలా ఎవరిది, అన్నీ అందులోనే. ఒక ఏడాది నిమజ్జనం రోజు మాట్లాడుకున్న లారీ రాలేదు. మధ్యాహ్నం మూడింటికి తెలిసింది. ఐదింటికల్లా ఇంకో లారీ తెచ్చి, అలిగి కూర్చున్న రెండు బ్యాచ్‌ల కుర్రాళ్లని బతిమాలి లేపి, పోలీసులు ఇచ్చిన టైం లోపల విగ్రహాన్ని సముద్రం దాకా చేర్చాడు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. కరెంటు లేని ఆ రోజుల్లో, పన్నెండేళ్లవాడు, పై అంతస్తుల్లో ఉన్న పెద్దవాళ్లకి బిందెలతో నీళ్లు మోశాడు. ఒక్కడే కాదు, నలుగురు పిల్లల్ని పోగేసుకుని మోశాడు.

"ఏటన్నయ్యా, పందిరి సంగతి కూడా ఇంటర్వ్యూలో చెప్తారేటి?" అన్నాడు.

చెప్పాలి నాయనా! ఎంతమంది పని చేశారు, ఎంత డబ్బు లెక్క చూశావు, ఎక్కడ చెడింది, నువ్వేం చేశావు, ఇంతే చెప్పు. వాళ్లు అడిగింది సరిగ్గా అదే. ఆఫీసులో జీతం ఇస్తారు కాబట్టి మనసు లేకపోయినా జనం పని చేస్తారు. పందిరి దగ్గర అలా కుదరదు. ఎవరికి ఏ పని ఇష్టమో కనిపెట్టాలి, ఒకడి పనిని నలుగురిలో మెచ్చుకోవాలి, ఇంకొకడిని పక్కకి పిలిచి మందలించాలి. రేపు టీమ్ లీడ్ అయ్యాక మీరు చేసేదీ ఇదే.

అక్కడికి వెళ్లాక కూడా నలుగురితో కలిసి జీతం లేకుండా పని చేసే ఈ అలవాటు వదలొద్దు. నేను 2011లో మాంచెస్టర్ వెళ్లాను, తొమ్మిదేళ్లు ఉన్నాను. నాకు ఇది అబ్బింది పార్క్‌రన్ అనే వారంవారం పరుగు దగ్గర. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. ఇంగ్లండ్‌లో అయితే ప్రతి శనివారం ఉదయం 9 గంటలకి 5 కిలోమీటర్లు, ఫీజు లేదు, నడిపేదంతా వాలంటీర్లే. పరుగెత్తేవాళ్లందరి కంటే వెనక ఒక వాలంటీర్ నడుస్తారు, టెయిల్ వాకర్ అంటారు. ఆఖరున వచ్చానన్న చిన్నతనం ఎవరికీ కలగకూడదని ఆ ఏర్పాటు. ఒగరుస్తూ, వదిలేద్దామా అనుకుంటున్న మనిషి పక్కన నడుస్తూ ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేను అక్కడే నేర్చుకున్నాను. మన బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచే అలవాటున్నవాళ్లకి ఇది కష్టమేమీ కాదు.

వీసా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, ఆపై చదువులవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఛారిటీకి ఊరికే చేసే సాయం ఆ లెక్కలోకి రాదు. కానీ ఇన్ని గంటలు తప్పక రావాలని ఒప్పందం రాయించుకుని ఉద్యోగిలా చేయించుకుంటే, జీతం లేకపోయినా అది పని కిందకే వస్తుంది. సంతకం పెట్టే ముందు యూనివర్సిటీలో అడగండి. ఫొటోలు సరదాకి తీసుకోండి, ఎవరి పెళ్లికో తీసి డబ్బు పుచ్చుకుంటే అది సొంత వ్యాపారం, ఆ వీసా మీద కుదరదు. పిల్లలతో పని అయితే డీబీఎస్ చెక్, అంటే మన మీద పాత నేరాలేవైనా ఉన్నాయా అని చూసే తనిఖీ, అడగొచ్చు, వాలంటీర్లకి దానికి ఫీజు లేదు.

ఇప్పుడు అసలు నా బెంగ. మనకి మొహమాటం ఎక్కువ. ఎవరు అడిగినా "తప్పకుండా వస్తాను" అనేస్తాం. వెళ్లం. వెళ్లడం లేదని చెప్పం కూడా!

మొదటి చలికాలం నేను ఒక ఫుడ్ బ్యాంక్‌లో, అంటే ఇబ్బందిలో ఉన్నవాళ్లకి తిండి సరుకులు ఉచితంగా ఇచ్చే చోట, వాలంటీర్‌గా చేరాను. శనివారం పొద్దున వస్తానని ఒప్పుకున్నాను. శుక్రవారం రాత్రి రూమ్మేట్ చుట్టాలు దిగారు, బిర్యానీ వండుకుని రెండింటిదాకా కబుర్లు చెప్పుకున్నాం. ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ఆ పొద్దున డెబ్భై దాటిన పెద్దావిడ టిన్నుల పెట్టెలన్నీ ఒక్కతే దించి, ఒక్కో డబ్బా మూత మీద ఎక్స్‌పైరీ నెల మార్కర్‌తో రాస్తూ కూర్చుందట. తర్వాతి వారం వెళ్తే ఆవిడ ఒక్క మాట అనలేదు. గోడ మీద తెల్ల బోర్డులో మాత్రం నా పేరు చెరిపేసి ఉంది. సగం చెరిగిన మొదటి అక్షరం ఇంకా కనిపిస్తోంది.

అదే నెల ఆఫీసులోనూ ఇదే పని చేశాను. రిపోర్టు గురువారానికి అయిపోతుందన్నాను. కాదని నాకు మంగళవారమే తెలుసు, అడిగితే చూద్దాంలే అని ఊరుకున్నాను. మేనేజర్ ఒకటే అడిగాడు: "మంగళవారం ఎందుకు చెప్పలేదు?" జవాబు లేదు నా దగ్గర. ఫుడ్ బ్యాంక్‌లో చెడినదీ, ఇక్కడ చెడినదీ ఒకటేనని అప్పుడు తెలిసింది.

అందుకే చెప్తున్నాను, కోపంగానే చెప్తున్నాను. రాలేకపోతే శుక్రవారం సాయంత్రమే ఒక మెసేజ్ పెట్టండి. కారణాలు అల్లక్కర్లేదు, "రేపు రాలేను, సారీ" చాలు. నెలకి ఒక్క శనివారమే కుదురుతుందంటే అదే చెప్పండి, వాళ్లేమీ అనుకోరు. నాలుగు ఒప్పుకుని మూడు ఎగ్గొడితేనే అనుకుంటారు.

అప్పటికే ఎగ్గొట్టేసి ఉంటే? సరే, మళ్లీ వెళ్లండి. వెళ్లి నేరుగా ఆవిడకే చెప్పండి. నేను వెళ్లి పెట్టెలు దించాను, ఐదు వారాలు వరసగా, ఎవరూ పిలవకుండానే. ఆరో వారం బోర్డు మీద నా పేరు మళ్లీ ఉంది. స్పెల్లింగ్ తప్పు రాసింది ఆవిడ. నేను దిద్దలేదు.