కీటో మొదలుపెట్టే ముందు మీ ట్యాబ్లెట్ల డబ్బా బయటికి తీయండి

కీటో, అంటే కార్బ్స్ (అన్నం, చపాతీ, పంచదార లాంటి పిండి, తీపి పదార్థాలు) బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే డైట్, స్టార్ట్ చేస్తున్నా అని ఎవరన్నా చెప్తే మాట వెంటనే తిండి మీదకే పోతుంది, గుడ్లు ఎన్ని తినాలి, చీజ్ ఎంత, పండ్లు తినొచ్చా అని. నేను మాత్రం ముందు అడిగేది మీరు రోజూ ఏం మందులు వేసుకుంటున్నారు అనే. మొదటి రెండు వారాల్లో పెద్ద ప్రమాదం తెచ్చిపెట్టేది చాలాసార్లు తిండి కాదు, తిండి మారినా డోసు మారని మందులు.

జరిగేది ఏంటంటే, కార్బ్స్ రోజుకి 20 నుంచి 50 గ్రాముల లోపుకి దించేస్తే ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది, లివర్ కొవ్వుని కీటోన్స్ గా (గ్లూకోజ్ బదులు ఒళ్ళు వాడుకునే ఇంధనం) మార్చడం మొదలుపెడుతుంది, షుగర్ దిగుతుంది, చాలామందికి బీపీ కూడా దిగుతుంది. కానీ మీ మందు డాక్టర్ గారు మీ పాత తిండిని బట్టి రాసింది కదా. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ ట్యాబ్లెట్లు గానీ అదే డోసులో వేసుకుంటూ కార్బ్స్ ఆపేస్తే షుగర్ ఒక్కసారిగా డౌన్ అవుతుంది, చెమటలు, చేతుల వణుకు, అదే నిద్రలో అయితే పక్కన పడుకున్నవాళ్ళకి కూడా తెలియకపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకి ఆ భయం చాలా తక్కువ.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం వేసేది ఇంకో రకం మందు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటుంది, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్. ఇవి మూత్రంలో షుగర్ ని బయటికి పంపిస్తాయి, గుండెకి, కిడ్నీకి కూడా రాస్తారు కాబట్టి షుగర్ లేనివాళ్ళు కూడా వేసుకుంటూ ఉండొచ్చు. వీటి మీద ఉండి కీటో చేస్తే కీటోన్స్ అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అందరూ మోసపోయేది ఎక్కడంటే, మామూలుగా ఈ జబ్బులో షుగర్ 300, 400 దాటుతుంది, ఈ మందులతో అయితే 200 లోపే ఉండొచ్చు, మీటర్ లో 160 చూసి షుగర్ బానే ఉందిలే, ఏదో గ్యాస్ అయ్యుంటుంది అని ఇంట్లోనే పడుకుంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తుగా ఉండటం, వీటిలో ఏది వచ్చినా మీటర్ ని నమ్మకుండా హాస్పిటల్ కి వెళ్ళి నేను ఈ ట్యాబ్లెట్ మీద ఉన్నాను, కీటో చేస్తున్నాను, కీటోన్స్ చెక్ చేయండి అని మీరే చెప్పాలి. ఇంకో సంగతి, ఈ మందు చాలాసార్లు మెట్‌ఫార్మిన్ తో కలిపి ఒకే ట్యాబ్లెట్ లో వస్తుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి, పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, దాని కింద సన్నగా ఉండే మందు పేర్లు రెండో మూడో ఉంటాయి, అవి చదవండి. కత్తిరించిన స్ట్రిప్ లో ఆ ముక్క పోయి ఉంటే మందుల చీటీ చూడండి.

అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపెయ్యకండి, కీటో చేద్దామనుకుంటున్నా అని డాక్టర్ కి చెప్పి డోసు మార్పించుకున్నాకే ప్లేటు మార్చండి. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్ళు, లివర్ లేదా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గాల్ బ్లాడర్ లో రాళ్ళు ఉన్నవాళ్ళు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్ళు సొంతంగా అస్సలు మొదలుపెట్టొద్దు.

ఇక ఉప్పు సంగతి. ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ (నిల్వ చక్కెర) ప్రతి గ్రాము దాదాపు 3 గ్రాముల నీళ్ళని పట్టుకుని ఉంటుంది, అది ఖర్చవగానే ఆ నీళ్ళు పోతాయి, ఇన్సులిన్ తగ్గడంతో కిడ్నీ సోడియంని కూడా బయటికి పంపేస్తుంది. మొదటి వారం తగ్గే రెండు కేజీల్లో చాలావరకు నీళ్ళే, కొవ్వు కరిగిందని సంబరపడి ఇంకా కఠినంగా చేయకండి. నాకు నాలుగో రోజు పొద్దున మంచం మీద నుంచి లేచి రెండు అడుగులు వేశానో లేదో కళ్ళ ముందు నల్లగా అయిపోయింది, గోడ పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చున్నా, ముందు రోజు రాత్రంతా పిక్కలు పట్టేసి నిద్ర లేదు. ఒక కప్పు వేడినీళ్ళలో ఉప్పు వేసుకుని తాగి, గంట పడుకుంటే తల నిలబడింది. అంతకుముందు మూడు రోజులు ఉత్త నీళ్ళు లీటర్లు లీటర్లు తాగుతూ ఉప్పు మాత్రం తగ్గించా, అదే నేను చేసిన తప్పు. దీన్నే కీటో ఫ్లూ అంటారు, తలనొప్పి, చిరాకు, నీరసం, చాలామందికి వారం లోపు తగ్గిపోతుంది. బీపీ మందులు వేసుకునేవాళ్ళకి ఈ కళ్ళు తిరగడం ఇంకా గట్టిగా వస్తుంది, అందుకే రోజూ బీపీ కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చూసుకోండి. గుండె, కిడ్నీ, బీపీ సమస్య ఉంటే ఉప్పు ఎంత అనేది డాక్టర్ చెప్పాలి.

పొటాషియం పౌడర్లు, తక్కువ సోడియం ఉప్పు (ఇందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది) కలుపుకుని తాగమని సలహాలు బోలెడు వస్తాయి. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు వాటి జోలికి పోవద్దు, ఈ మందులే పొటాషియం పెంచుతాయి, దాని మీద ఇంకా వేస్తే గుండె లయ తప్పొచ్చు.

మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), లివర్ టెస్ట్, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్ట్) చేయించుకోండి, మూడు నెలలకి లిపిడ్ మళ్ళీ చూడండి, కొందరికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) బాగా పెరుగుతుంది. బరువు తగ్గింది కదా అని ఆ నంబర్ ని పక్కన పెట్టొద్దు. రక్తం పల్చబడే వార్ఫరిన్ మీద ఉన్నవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, విటమిన్ కె వల్ల మందు పని తగ్గిపోతుంది.

లేబుల్ మీద షుగర్ ఫ్రీ అని ఉంటే కార్బ్స్ లేనట్టు కాదు, మాల్టోడెక్స్‌ట్రిన్, మాల్టిటాల్ ఉన్నాయేమో చూడండి, అవీ కార్బ్సే. ఒక మామూలు సైజు అరటిపండులోనే దాదాపు 27 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, 20 గ్రాముల లెక్కలో ఉన్నవాళ్ళకి అది రోజు మొత్తం కోటా దాటిపోయినట్టే. మలబద్ధకం రాకుండా పిండిపదార్థం తక్కువున్న కూరగాయలు, నీళ్ళు సరిపడా తీసుకోండి, నీళ్ళు తగ్గితే కిడ్నీ రాళ్ళ బాధ కూడా మొదలవ్వొచ్చు.

మానేసేటప్పుడు కూడా అంతే. మందు డోసు తగ్గించి ఉంటే, మళ్ళీ మామూలు తిండికి రావడానికి వారం ముందే డాక్టర్ కి చెప్పండి, లేకపోతే తగ్గించిన డోసు మీద షుగర్, బీపీ రెండూ పైకి పోతాయి. ఈ లోపల ఎవరైనా గ్లూకోజ్ తాగించే షుగర్ టెస్ట్ రాస్తే, కీటోలో ఉన్నానని చెప్పండి, దానికి ముందు కనీసం మూడు రోజులు రోజుకి 150 గ్రాముల కార్బ్స్ అయినా తినకుండా ఆ టెస్ట్ చేయించుకుంటే లేని షుగర్ ఉన్నట్టు చూపించొచ్చు.